ప్రసాదం తప్ప ఏమీ తినలేదు

3 జూన్ 2024, సోమవారం

ఈ పుస్తకంలో ముందువైపు అంతా జాకెట్ల కొలతలు. వెనకవైపు ఖాళీ. ఇంట్లో ఎవరూ దీన్ని ముట్టుకోరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముదిగుబ్బ నుంచి రక్తపరీక్ష కాగితం వచ్చింది. మూడు నెలల షుగర్ సరాసరి 9.4. పోయిన ఏడాది 8.6. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు సువార్త ఆ కాగితం చదివి, పొద్దున వేసుకునే మాత్ర ఇకమీదట రాత్రి కూడా వేసుకోమని డాక్టరు చెప్పారంది.

"మాత్ర ఒకటే చాలదు జ్యోతక్కా. చెనిక్కాయ చేన్లో కలుపు తీసే కాలంలో నీకు షుగరుండెనా?"

"లేదు."

"కుట్టు మిషన్ పట్టుకున్నాక వచ్చింది. దానికి మోటారు కూడా పెట్టించుకుంటివి. ఇంక కాలికి పనేముండాది? చెమట పట్టే పని ఏదో ఒకటి చెయ్యల్ల నువ్వు."

ఇంటికొచ్చి కాగితం ఆయనకు చూపించాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మా అత్తకు షుగర్‌తోనే మోకాలి కింద కాలు తీసేశారు. ఆమెను అనంతపురం నుంచి ఇంటికి ఎత్తుకొచ్చింది ఆయనే. ఆ సంగతి ఇవాళ ఎత్తలేదు. గొర్రెల దొడ్డి దగ్గరికి పోయి చాలాసేపు అక్కడే ఉన్నాడు.

5 జూన్, బుధవారం

నడక మొదలుపెట్టాను. ముదిగుబ్బ రోడ్డు మీద ఒక మైలు పోయేలోపల మూడు మోటారు సైకిళ్ళు ఆగాయి.

"యాడికి పోతాండావమ్మా? ఎక్కు, దింపుతా."

"యాడికీ లేదు. ఊరికే నడుస్తాండా."

"ఊరికే ఎవరన్నా నడుస్తారా? ఇంట్లో ఏమన్నా కొట్లాడినారా?"

7 జూన్, శుక్రవారం

ఇవాళ నాలుగు బండ్లు. నేను అలిగి పుట్టింటికి నడిచి పోతున్నానని మధ్యాహ్నానికే ఊళ్ళో చెప్పుకున్నారు. సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేసి, వచ్చి మాట్లాడమంటావా అని అడిగాడు.

నడక ఆపేశాను.

10 జూన్, సోమవారం

లక్ష్మక్క జాకెట్ కొలత ఇవ్వడానికి వచ్చింది. చెయ్యి చాపి నిలబడే అడిగింది.

"ఏమే జ్యోతీ, చెక్కభజనకు వస్తావా?"

వజ్రకరూరు వైపు నుంచి తిప్పయ్య అనే గురువును పిలిపించారట. వారానికి నాలుగు సాయంత్రాలు రామాలయం ముందర నేర్పుతాడు. పదిహేను మంది ఆడవాళ్ళు చేరారు. జతలుగా ఆడాలి కాబట్టి ఒకరు తక్కువయ్యారు. ఆగస్టులో, శ్రావణ శనివారం నాడు గజ్జెపూజ. ఆ రోజు గురువు గజ్జె ముడి వేస్తేనే ఆ తర్వాత వేరే ఊళ్ళలో ఆడడానికి వీలు.

"నాకు నలభై నాలుగేండ్లు లక్ష్మక్కా. షుగర్ మనిషిని."

"నాకు యాభై మూడు. నా మోకాళ్ళను అడిగి చేరినానా నేను?"

వస్తానన్నాను.

11 జూన్, మంగళవారం

మొదటి రోజు. ఐదింటి నుంచి ఆరుంపావు దాకా. రెండు చేతుల్లో రెండు జతల చెక్కలు. గురువు ఒక చరణం పాడితే మేము అందుకోవాలి, నోటితో పాడుతూనే కాళ్ళు మార్చాలి, చెక్కలు తాళం తప్పకూడదు. నాకు మూడూ ఒకేసారి రాలేదు. తిప్పయ్య తిట్టలేదు. "రెండు దినాలు తప్పుతావు, మూడో దినం కాలే నేర్చుకుంటాది" అన్నాడు.

చెమట జాకెట్ దాటి కొంగు దాకా తడిసింది. ఈ మాదిరి చెమట పట్టి పదేళ్ళయింది. చేను గుర్తొచ్చింది.

ఆట అయిపోయాక లక్ష్మక్క ఇంటి నుంచి పానకం వచ్చింది. రోజుకొక ఇంటి వంతు. అందరం తాగాం.

ఇంటికొచ్చేసరికి ఆయన షుగర్ మిషన్ పట్టుకుని తిన్నె మీదే కూర్చుని ఉన్నాడు. ఆటకు పోయేముందు 184. ఇప్పుడు 271.

"ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు."

నిజమే. ప్రసాదం తప్ప ఏమీ తినలేదు.

13 జూన్, గురువారం

ముందు 190. తర్వాత 266. ఏమీ తినలేదు, ప్రసాదం తప్ప.

14 జూన్, శుక్రవారం

ఆట మధ్యలో ఆయన రామాలయం దగ్గరికి వచ్చాడు. ఎదురుగా బయ్యన్న టీ బంకులో ఉన్న నలుగురూ తిరిగి కూర్చున్నారు.

"ఏం గురువా, ఎగిరితే షుగర్ తగ్గుతాదని చెప్పి పిలుచుకొస్తిరి. ఎగిరే కొద్దీ పెరుగుతాండాది."

"ఆడి చెడినోళ్ళను నేను చూడలేదప్పా" అన్నాడు తిప్పయ్య.

బయ్యన్న అక్కడి నుంచే అరిచాడు. "ఏమప్పా ఓబుళేసూ, నీ పెండ్లాం ఎగురుతాంటే నా బంకులో గ్లాసులు గలగలమంటాండాయి. బోరు వేసే బండి వచ్చిందేమో అనుకుంటి!"

అందరూ నవ్వారు. లక్ష్మక్క నవ్వలేదు. "నీ గ్లాసులు కడిగి ఎన్నాళ్ళయిందో, అవి దులుపుకుంటాండాయి లే బయ్యన్నా" అంది.

ఆయన నవ్వుల వైపు చూడలేదు. గురువుతోనే చెప్పాడు. "ఒక్క మాట. గజ్జెపూజకు ముందు మళ్ళీ మూడు నెలల పరీక్ష చేయిస్తా. ఎనిమిది లోపల వస్తే మా ఇంటి తాంబూలం నేనే తెస్తా. ఎనిమిది దాటిందా, గజ్జెల్లేవు."

తిప్పయ్య తలాడించాడు. ఇంటివాళ్ళు తాంబూలం పళ్ళెం తెచ్చి చేతికిస్తేనే గురువు గజ్జె కడతాడు. అది వాళ్ళ గురువుల కాలం నుంచి వస్తున్న పద్ధతి.

నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను. "అంతవరకూ ఒక్క దినం కూడా ఆట మానను. అది కూడా చెప్పుకోండి."

18 జూన్, మంగళవారం

ఆరోగ్య కేంద్రానికి పోయి సువార్తను అడిగాను. ఎగిరితే పెరగడమేమిటని. ఆమె చెప్పింది మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

"నువ్వు దబదబా ఎగురుతాంటే నీ ఒళ్ళు ఏమనుకుంటాదో తెలుసునా? యాదో అడివి మెకం తరుముతాండాదని అనుకుంటాది. మూత్రపిండాల పైన చిన్న గ్రంథులు రెండుండాయి. అవి అడ్రినలిన్ వదుల్తాయి. క్లోమం నుంచి గ్లూకగాన్ అని ఇంకోటి వస్తాది. రెండూ పోయి కాలేయాన్ని తడతాయి. దాచిపెట్టిన చక్కెర బయటికి తియ్యి, కాళ్ళకు కావల్ల అంటాయి."

"అందుకేనా పెరిగేది?"

"కొంచెం పెరుగుతాది. మామూలు మనిషికయితే వెంటనే ఇన్సులిన్ వచ్చి సర్దేస్తాది. నీకూ వస్తాది ఇన్సులిన్. కానీ నీ ఒళ్ళు దాని మాట బిరీన వినదు. చెవుడు పట్టినట్ల."

"మరి ఎగిరి ఏం లాభం?"

"అదే చెప్తాండా. పని చేసే కండ ఇన్సులిన్ పిలిచేదాకా కాసుకోదు. తానే తలుపు తీసుకొని చక్కెర లోపలికి లాక్కుంటాది. ఆట నిలిపినాక కూడా ఒక దినమో రెండు దినాలో ఒంటికి ఆ చెవుడు తగ్గుతాది. అందుకే వరసగా రెండు దినాలు మానొద్దు. ఆట అయిన నిమిషంలో వేలు గుచ్చితే ఏం తెలుస్తాది? రెండు గంటలాగి చూడు, దిగి ఉంటాది. పొద్దున్నే పరగడుపున చూడు."

పాదాలు కూడా చూసింది. రోజూ అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోమంది. మేజోళ్ళు లేకుండా ఎగరొద్దంది.

ఇంటికొచ్చి ఆయనకు అడ్రినలిన్ సంగతి చెప్పాను.

"ఆ పేరు మాయమ్మకు ఎవరూ చెప్పలే" అన్నాడు. కానీ ఇవాళ్టి నుంచి రెండు గంటలాగడానికి ఒప్పుకున్నాడు.

21 జూన్, శుక్రవారం

ముందు 186. ఆట కాగానే 269, నేనే చూసుకున్నాను. రెండు గంటల తర్వాత 233.

దిగలేదు. దిగింది గానీ చాలినంత దిగలేదు. నాకు అడ్రినలిన్ ఎక్కువేమో. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ఎక్కువ.

ఏమీ తినలేదు. ప్రసాదం తప్ప.

25 జూన్, మంగళవారం

రెండో పాట వచ్చేసింది. ముందుకు నాలుగడుగులు, మోకాలు ఎత్తి ఒక ఎగురు, పక్కకు తిరిగి జతతో చెక్క కలపాలి. నా జత లక్ష్మక్క. ఆమె నాకంటే ఎత్తుగా ఎగురుతుంది.

233, 240, 228. అన్నీ రెండు గంటల తర్వాతవే. రాత్రి అన్నం మానేసి సంగటి తింటున్నాను. ఒకటే ముద్ద. ఇంతకంటే ఏం చెయ్యాలి?

27 జూన్, గురువారం

ఆశ్రిత అనంతపురం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, ఒక వీడియో పంపు, నా ఫ్రెండ్సుకు చూపిస్తా." చూపించి నవ్వుతారేమో అన్నాను. "నవ్వితే నవ్వనీ, వాళ్ళమ్మలెవరూ ఎగరడం లేదు" అంది.

30 జూన్, ఆదివారం

సువార్త ఆట చూడడానికి వచ్చింది. ఇవాళ వంతు ఇంటివాళ్ళు పానకంతో పాటు పుట్నాల పప్పు, బెల్లం కూడా తెచ్చారు. లక్ష్మక్క ఆమెకూ ఒక గ్లాసు ఇవ్వబోయింది. సువార్త నవ్వి, "మంచినీళ్ళియ్యక్కా" అంది. లక్ష్మక్క ముఖం కొంచెం మారింది. సువార్తవాళ్ళు చర్చికి పోతారని అందరికీ తెలిసిందే.

పోయేటప్పుడు నా పక్కన నడుస్తూ అడిగింది.

"రెండు గంటల తర్వాత కూడా దిగడం లేదంటివి కదక్కా. ఆట అయినాక ఏం తింటావు?"

"ఏమీ తినను."

"ఏమీ?"

"ప్రసాదం తప్ప."

ఇంకేదో అంటుందనుకున్నాను. "సరే అక్కా" అని వెళ్ళిపోయింది.

2 జూలై, మంగళవారం

మబ్బు వచ్చింది. పోయింది. ఆయన విత్తనాల మూట విప్పి మళ్ళీ కట్టేశాడు.

4 జూలై, గురువారం

236. ప్రసాదం తప్ప ఏమీ లేదు.

"నెల కావస్తాండాది. ఇంకా ఎన్నాళ్ళు ఎగురుతావు?" అన్నాడు.

"పరీక్ష వరకూ."

"కాలికి ఏమన్నా అయితే?"

"రోజూ అద్దం పెట్టి చూసుకుంటాండా. నువ్వూ చూడు" అని కాలు ఎత్తి చూపించాను. చూడలేదు.

9 జూలై, మంగళవారం

ఇవాళ వంతు ఉన్న ఇంట్లో దాయాదుల్లో ఎవరో పోయారు. మైల. ప్రసాదం లేదు. తిప్పయ్య అందరికీ తీర్థం ఇచ్చి పంపేశాడు.

ముందు 178. ఆట కాగానే 207. రెండు గంటల తర్వాత 136.

10 జూలై, బుధవారం

136.

11 జూలై, గురువారం

ఆట లేదు. గురువుకు వేరే ఊళ్ళో పని. మిషన్ తప్పు చూపించిందేమో. స్ట్రిప్పులు పాతవైనా కావచ్చు.

12 జూలై, శుక్రవారం

ప్రసాదం చక్కెర పొంగలి, దోసిలి నిండా. పానకం రెండు గ్లాసులు.

ముందు 181. ఆట కాగానే 262. రెండు గంటల తర్వాత 231.

మిషన్ తప్పు కాదు.

13 జూలై, శనివారం

పుస్తకం మొదటి నుంచీ తిరగేశాను. నా చేత్తో నేనే రాశాను. ప్రసాదం తప్ప, ప్రసాదం తప్ప. రాసిన ప్రతిసారీ అది నా కంటికి కనపడుతూనే ఉంది.

ఇక్కడైనా నిజం రాయాలి. ప్రసాదం తిండి కాదని నేను అనుకోలేదు. అనుకోవాలనుకున్నాను. టీలో చక్కెర మానేసి మూడేళ్ళయింది. అరటిపండు మానేశాను. మామిడిపండు వాసన చూసి పక్కింటికి ఇచ్చేశాను. గ్లాసుడు పానకం ఒంట్లో చెమట ఆరకముందే గొంతులో దిగుతుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. దేవుడి పేరు మీద వచ్చింది కాబట్టి దాన్ని ఎవరూ అడగరు. ఆయన కూడా అడగలేదు. ఏం తిన్నావని అడిగినప్పుడు ఆయన మనసులోనూ ప్రసాదం లేదు.

సువార్త చెప్పిన అడ్రినలిన్ నిజమే. అది ఎంత పెంచుతుందో మొన్న మంగళవారం కనపడింది. ముప్పైలోపే. మిగతాదంతా బెల్లం. ఆమె చెప్పిన నిజాన్ని తెచ్చి నా బెల్లం మీద కప్పుకున్నాను.

15 జూలై, సోమవారం

"నీకు ముందే తెలుసు కదా సువార్తా. ఏంటికి చెప్పలే?"

ఆమె మందుల పెట్టె సర్దుతోంది. సర్దడం ఆపలేదు.

"నేను చెప్తే ఏమయితాదక్కా? నర్సు చెప్పిందని ఎవరంటారు? సువార్తమ్మ దేవుని ప్రసాదం తినొద్దంటాందని అంటారు. రేపు ఈ ఊళ్ళో నా దగ్గర ఏ చంటిపిల్లకు సూది వేయిస్తారు?"

"నాతో ఒక్కదాంతోనైనా చెప్పుంటే?"

"నీతోనా? నువ్వే ప్రసాదం తప్ప అంటివి. ఆ మాట నీ నోట్లో నుంచి వచ్చింది కదా, నీకే వినపడుతాదనుకుంటి."

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. లేచి వచ్చేశాను.

16 జూలై, మంగళవారం

ఇవాళ వంతు లక్ష్మక్కదే. వేరే ఎవరిదైనా అయితే బాగుండేది.

గ్లాసు నా చేతికిచ్చింది. నేను అరచేతిలో ఒక చుక్క వేసుకుని, కళ్ళకద్దుకుని, నాలుక మీద వేసుకుని గ్లాసు వెనక్కి ఇచ్చాను.

"ఏమే, మా ఇంటి పానకం చేదయిందా?"

"తీసుకున్నా కదా లక్ష్మక్కా."

"ఇదేం తీసుకోవడం? అందరూ తాగుతాండారు. నువ్వొకదానివే మడి కట్టుకున్నావా?"

"నాకు బెల్లం పడదు. నెల దినాలు తాగినా. తాగి ఏమీ తినలేదని చెప్పినా. ఇంక తాగను. ఎవరింటిదైనా సరే, చుక్క తీసుకుంటా. గ్లాసు తీసుకోను."

ఒకామె, "నర్సమ్మ నేర్పించిందేమో" అంది.

"నర్సమ్మ నోరు తెరవలే. నా వేలు గుచ్చి నేనే తెలుసుకున్నా. మా ఇంటికొచ్చి నువ్వూ గుచ్చించుకో, నీకూ తెలుస్తాది."

లక్ష్మక్క గ్లాసు పారబోయలేదు. నా ముందరే గటగటా తాగేసి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

రెండు గంటల తర్వాత 141. ఆయనకు చూపించాను. మిషన్ తిప్పి వెనక చూశాడు. "బ్యాటరీ అయిపోయిందేమో" అన్నాడు.

19 జూలై, శుక్రవారం

లక్ష్మక్క మాట్లాడడం లేదు. జతగా ఆడుతోంది, చెక్క కలుపుతోంది, ముఖం మాత్రం పక్కకు పెట్టుకుంటోంది. ఆటలో ఏమీ తక్కువ చెయ్యలేదు. ఇంకా ఎత్తు ఎగిరింది.

138.

23 జూలై, మంగళవారం

ఇద్దరు వచ్చారు. మొన్న నర్సమ్మ మాట అన్నామె ఒకరు. జాకెట్ కొలత అని వచ్చి, టేపు తీసేదాకా కూర్చుని, "ఆ మిషన్ నా వేలికి కూడా ఒకసారి పెడతావా జ్యోతీ" అంది. పెట్టాను. 218. ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. రేపు సువార్త దగ్గరికి పిలుచుకు పోతానన్నాను.

నిన్న రాత్రి వాన వచ్చింది. రాత్రంతా కాదు, గంట. ఆయన తెల్లారక ముందే చేన్లోకి పోయాడు.

26 జూలై, శుక్రవారం

పరగడుపున 131.

6 ఆగస్టు, మంగళవారం

మూడో పాట మొదలుపెట్టాం. అన్నిట్లోకీ కష్టమైనది. ఎగిరి వెనక్కి తిరిగి దిగాలి, దిగే కాలు మీదే మళ్ళీ ఎగరాలి. తిప్పయ్య అరవై రెండేళ్ళ మనిషి, మాకు చూపించడానికి మూడుసార్లు ఎగిరాడు. నాలుగోసారి లక్ష్మక్క, "చాలు గురువా, గజ్జెపూజ దాకా నువ్వుండల్ల" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి, నా వైపు చూసి, నవ్వు ఆపేసింది. తర్వాత మళ్ళీ నవ్వింది.

పిక్కలు రాళ్ళ మాదిరి అయ్యాయి. నొక్కి చూసుకుంటే బాగుంది.

13 ఆగస్టు, మంగళవారం

అన్నం తిన్నాక వీధి చివరిదాకా పోయి వస్తున్నాను. పది నిమిషాలు. ఇప్పుడు ఎవరూ బండి ఆపడం లేదు. బయ్యన్న మాత్రం అడిగాడు.

"ఏమ్మా, గజ్జెలు కట్టిస్తాడంటనా ఓబుళేసు?"

"కట్టుకునేది నేను" అన్నాను.

16 ఆగస్టు, శుక్రవారం

మూడు నెలల పరీక్షకు రక్తం ఇచ్చాను.

19 ఆగస్టు, సోమవారం

ఏమీ రాలేదు. జాకెట్లు నాలుగు కుట్టాను. ఒకదానికి చెయ్యి తిరగేసి కుట్టాను.

22 ఆగస్టు, గురువారం

మధ్యాహ్నం సువార్త ఫోన్ చేసింది. "కాగితం మంగళవారం వస్తాదక్కా. నంబరు మాత్రం అడిగి తెలుసుకున్నా. ఎనిమిది పాయింట్ ఒకటి."

చేతిలో ఉన్న జాకెట్ గుడ్డ కింద పెట్టాను.

"తొమ్మిది పాయింట్ నాలుగు నుంచి వచ్చినావు. తక్కువేం కాదు. దీంట్లో జూన్ నెలది కూడా కలిసి ఉండాది కదా. ఇట్లే పోతే నవంబరుకు ఏడు చిల్లర వస్తాది."

గజ్జెపూజ ఎల్లుండి. నవంబరులో కాదు.

ఫోన్ పెట్టేసి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. కాగితం మంగళవారం వస్తుంది. శనివారానికి ఏడు పాయింట్ తొమ్మిది అని చెప్తే చాలు. ఆయన తాంబూలం తెస్తాడు, గురువు ముడి వేస్తాడు, మంగళవారం కాగితం చూసి ఏమంటాడో అనుకోనీ. సువార్త బయటపెట్టదు. రెండంకెలు. అంతే.

జూన్, జూలై నెలల్లో ఇంతకంటే పెద్ద అబద్ధం ఆడాను, నాకు నేనే. రోజూ. ఆ నెల రోజుల బెల్లమే ఈ పాయింట్ ఒకటి.

చీకటి పడకముందే ఆయన గొర్రెలను దొడ్డికి తోలాడు. అక్కడికే పోయాను.

"ఎంత?" అన్నాడు. సువార్త ఫోన్ చేసిందని నా ముఖం చూసే తెలిసినట్టుంది.

"ఎనిమిది పాయింట్ ఒకటి."

గేటు గొలుసు వేస్తూ ఉన్నాడు. వేసి చేతులు దులుపుకున్నాడు. "అనుకున్నది ఎనిమిది."

"అనుకున్నది నువ్వు. ఆ పొద్దు నన్నెవరూ అడగలే."

"మాట మాటే కదా."

"నా మాట విను. జూన్ నెలలో నువ్వు ఏం తిన్నావని అడిగినప్పుడల్లా ఏమీ తినలేదంటి. రోజూ పానకం తాగినా. దాన్ని లెక్కలో పెట్టలే. ఇప్పుడూ చెప్పకుండా ఉండొచ్చు. కాగితం మంగళవారం వస్తాది. ఏడు పాయింట్ తొమ్మిదంటే నువ్వు నమ్ముతావు. చెప్పలే. ఎనిమిది పాయింట్ ఒకటి."

"అయితే?"

"అయితే ఏముండాది? గజ్జె కడతాండా."

గొర్రెల వైపు చూస్తూ అన్నాడు. "మాయమ్మ కాలు తీసేటప్పుడు బయట నేను ఒక్కడినే ఉండా."

"తెలుసు. దానికి ముందు ఆరేండ్లు మీయమ్మను ఆ మంచం దిగనియ్యలే మీరు. సుఖంగా ఉండల్లని మంచినీళ్ళు కూడా చేతికిచ్చినారు. నన్ను కూర్చోబెట్టొద్దు."

ఆయన రాత్రి ఇంట్లోకి రాలేదు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను.

23 ఆగస్టు, శుక్రవారం

మాటల్లేవు. వక్కలు, ఆకులు, ఒక కొబ్బరికాయ, అరటిపండ్లు తెచ్చుకున్నాను. పళ్ళెం తోమాను.

24 ఆగస్టు, శనివారం

పొద్దున్నే గొర్రెలు తోలుకుని పోయాడు. సద్ది మూట తీసుకున్నాడు, నా ముఖం చూడలేదు.

నాలుగింటికి రామాలయం ముందర. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. షామియానా కింద చోటు చాలక ఎండలో నిలబడ్డారు. గజ్జెలన్నీ కొత్త గుడ్డ మీద పరిచి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేశారు. ఒక్కొక్క ఇంటివాళ్ళను పేరు పెట్టి పిలుస్తున్నారు. భర్తలు, కొడుకులు, ఒకామెకు అత్త. పళ్ళెం ఇవ్వడం, గురువు తీసుకుని గజ్జె ముడి వెయ్యడం.

నా పేరు పిలిచారు. నేనే పళ్ళెం ఎత్తుకుని పోయాను.

తిప్పయ్య నా వెనక చూశాడు. "ఇంటాయన యాడమ్మా?"

"గొర్రెలు తోలుకొని పోయినాడు."

"పరీక్ష ఏమయింది?"

బయ్యన్న బంకు మూసి వచ్చి ముందు వరసలోనే కూర్చున్నాడు.

"ఎనిమిది పాయింట్ ఒకటి. పాయింట్ ఒకటి దాటింది."

"మరి ఇంటి తాంబూలం…"

"ఇదే ఇంటి తాంబూలం. ఆ ఇంట్లో నేనూ ఉండా గురువా, ఇరవై రెండేండ్ల నుంచి."

తిప్పయ్య పళ్ళెం వైపు చూశాడు. తీసుకోలేదు, వద్దనలేదు. మనిషి మంచివాడు. ఆయన గురువు ఆయనకు చెప్పిన పద్ధతి ఇది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

లక్ష్మక్క తన గజ్జెలతో గలగలమంటూ వచ్చి నా పక్కన నిలబడింది. "గురువా, నాకు జత లేకుంటే నేను ఎవరితో ఆడల్ల? కడతావా, నా గజ్జెలు కూడా విప్పమంటావా?"

నేను పళ్ళెం ఆయన ముందర కింద పెట్టాను. నాకని ఉన్న గజ్జెలు గుడ్డ మీద నుంచి తీసుకుని, అక్కడే కూర్చుని, మేజోళ్ళ మీదే కుడికాలికి చుట్టుకుని నేనే ముడి వేసుకున్నాను. చేతులు వణికాయి. భయం కాదు. అడ్రినలిన్. ఈసారి నిజంగానే. ఎడమకాలికి చుట్టుకుంటుంటే తిప్పయ్య వంగి తాడు కొస పట్టుకున్నాడు.

"ముడి అట్ల కాదమ్మా. ఎగిరితే ఊడిపోతాది" అని విప్పి మళ్ళీ కట్టాడు. తర్వాత కుడికాలిది కూడా విప్పి కట్టాడు. పళ్ళెం తీసి తన వెనక పెట్టుకున్నాడు.

మూడు పాటలూ ఆడాం.

25 ఆగస్టు, ఆదివారం

పరగడుపున 119. ఈ పుస్తకంలో ఇంత తక్కువ ఎప్పుడూ రాయలేదు. కుడి అరికాలిలో చిన్న ఎరుపు ఉంది, బొబ్బ కాదు. సువార్తకు చూపిస్తాను.

వచ్చే శనివారం బుక్కరాయసముద్రం వైపు ఒక ఊరి నుంచి పిలుపు వచ్చిందట. లక్ష్మక్క తెల్లవారుతూనే వచ్చి చెప్పి పోయింది.

ఆయన గొర్రెలకు దొడ్డి గేటు తీస్తున్నాడు. నేను పేడ ఎత్తుతున్నాను. మూడు రోజులకు మొదటి మాట ఆయనే మాట్లాడాడు.

"మూడో పాటలో వెనక్కి తిరిగేటప్పుడు ఒక అడుగు తప్పినావు."

నిన్న జనంలో నాకు ఆయన ఎక్కడా కనపడలేదు.

"నేను తప్పలే. తిప్పయ్య తాళం జారింది."

"తాళం సరిగ్గానే ఉండె."

"గొర్రెల కాడ ఉన్నోడివి, నీకెట్ల తెలుసు?"

గొర్రెలను అదిలించుకుంటూ పోయాడు. రోడ్డెక్కేదాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

అడుగు తప్పింది నేనే. ఆయనకు చెప్పను.